ఎన్‌పీసీతో మాటల్లోకి దిగితే: గేమ్ మాస్టర్లకు పనికొచ్చే ఒక పద్ధతి

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేస్తూ ఆడే కథల ఆటలో) ఎవరైనా కత్తి దూస్తే ఏం చేయాలో రూల్‌బుక్ పేజీలకు పేజీలు చెబుతుంది. ఎవరి వంతు ముందు, ఎంత దూరం కదలొచ్చు, దెబ్బ తగిలిందా, తగిలితే ఎంత పోయింది, అన్నీ ఉంటాయి. అదే క్యారెక్టర్ కత్తి జోలికి పోకుండా కాపలావాడి దగ్గరికెళ్లి "కాస్త లోపలికి వెళ్లనివ్వన్నా" అంటే మాత్రం చాలా రూల్‌బుక్కులు నసుగుతాయి. ఒక స్కిల్ పేరు, ఒక చిన్న పట్టిక, అంతే. మిగతాదంతా కథ నడిపించే గేమ్ మాస్టర్ (జీఎం) నెత్తిన పడుతుంది. ఈ కాపలావాడిలా జీఎం ఆడించే పాత్రలనే ఎన్‌పీసీలు అంటారు.

అందుకే ఇలాంటి సీన్లు ఎక్కువగా రెండు రకాలుగా చెడతాయి. కొన్ని గ్రూపుల్లో ప్లేయర్ "పర్సుయేషన్ వేస్తున్నా" అని, అంటే ఒప్పించే స్కిల్ వాడుతున్నానని, ఇరవై ముఖాల డైస్ విసిరి, 20 పడగానే రాజుగారు కిరీటం తీసి చేతిలో పెట్టాలంటాడు. ఇంకొన్ని గ్రూపుల్లో అరగంట సేపు మాటలు నడుస్తాయి. వీళ్లని లోపలికి పంపకూడదని జీఎం ముందే అనుకుని ఉంటాడు కాబట్టి ఎవరేం చెప్పినా కాపలావాడు "కుదరదు" అంటూనే ఉంటాడు. చివరికి విసుగొచ్చి ఎవరో ఒకరు కత్తి దూస్తారు.

రెండు చోట్లా జరిగింది ఒకటే. ఆ కాపలావాడికి ఏం కావాలో, అతను దేనికి భయపడుతున్నాడో ఎవరూ ఆలోచించలేదు. ఆ రెండూ తెలిస్తే డైస్ ఎప్పుడు వేయించాలి, ఎంత కష్టం పెట్టాలి, తప్పితే ఏం జరగాలి అన్నవన్నీ వాటి నుంచే వస్తాయి. నటన బాగా రావాలి, గొంతులు మార్చగలగాలి అనేవి ఆ తర్వాత సంగతులు. వాటికంత ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదని నా ఉద్దేశం.

మొదట: సెషన్‌కి ముందు మూడు వాక్యాలు రాసుకోండి

ఎన్‌పీసీ పుట్టుపూర్వోత్తరాలు రెండు పేజీలు రాసే జీఎంలు చాలామంది ఉన్నారు. అందులో ఆటలోకి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. దానికి బదులు ఈ మూడు రాసుకోండి: అతనికి ఇప్పుడు ఏం కావాలి, దేనికి జంకుతున్నాడు, మన ప్లేయర్లకు ఏం ఇవ్వగలడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ప్లేయర్లు రాత్రికి రాత్రే నది దాటాలి. ఒడ్డున ఒక ముసలి పడవవాడు ఉన్నాడు. మీ కాగితంలో ఇలా ఉండొచ్చు:

కావాల్సింది: ఈ వారంలోపు పడవ మీది అప్పు తీర్చాలి.
భయం: అవతలి ఒడ్డున గస్తీ సైనికులు రాత్రిపూట దాటేవాళ్లను పట్టుకుంటున్నారు. దొరికితే పడవ లాక్కుంటారు.
ఇవ్వగలిగింది: రాత్రికి దాటించగలడు. నిన్న రాత్రి ఎవరు దాటారో చెప్పగలడు.

కావాల్సింది ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది. "డబ్బు కావాలి", "అధికారం కావాలి" అని రాసుకుంటే టేబుల్ దగ్గర ఏమీ తోచదు. "ఈ వారంలోపు అప్పు తీరాలి" అంటే వెంటనే తోస్తుంది. డబ్బు చూపిస్తే కళ్లు మెరుస్తాయి, వచ్చే నెల ఇస్తామంటే మొహం తిప్పుకుంటాడు. భయమూ అంతే. "పిరికివాడు" అని రాసుకుంటే అది స్వభావం మాత్రమే. "గస్తీకి దొరికితే పడవ పోతుంది" అంటే ప్లేయర్లు ఏదో ఒకటి చేసి పరిష్కరించగల సమస్య.

కావాల్సింది, భయం వేర్వేరు అని గుర్తుంచుకోండి. ప్లేయర్లు సాధారణంగా మొదటిదాన్నే పట్టుకుంటారు. డబ్బు పెంచుకుంటూ పోతారు. కానీ పడవే పోతుందనే భయం ఉన్నవాడికి రెట్టింపు కూలి ఇస్తామన్నా ధైర్యం రాదు. ఆ సంగతి ప్లేయర్లు కనిపెట్టే క్షణంలోనే సీన్‌కి ప్రాణం వస్తుంది.

కథలో ముఖ్యమైన ఎన్‌పీసీకైతే నాలుగో వాక్యం కూడా రాసుకోండి: ఏం చేసినా సరే ఒప్పుకోని పని ఏమిటి. తమ్ముణ్ణి పట్టించడు, గుడి తలుపు తెరవదు, అలాంటిది. అది ముందే ఉంటే టేబుల్ దగ్గర డైస్ 20 చూపిస్తున్నప్పుడు మీకు టెన్షన్ ఉండదు.

ఇక మీరు అసలు అనుకోనివాళ్ల సంగతి. ప్లేయర్లు మీరు తయారుచేసిన మంత్రిని వదిలేసి, మంత్రిగారి గుర్రాన్ని పట్టుకున్న కుర్రాడితో గంటసేపు మాట్లాడతారు. ఇది జరిగి తీరుతుంది. ఒక కాగితం మీద పది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో అవసరం రాసి పెట్టుకోండి. ఎవరి పేరైనా అడిగితే పైనుంచి ఒకటి తీసి వాడేసి కొట్టేయండి.

ఎన్‌పీసీని ఎలా చూపించాలి

గొంతు మార్చడం వస్తే మార్చండి, సరదాగా ఉంటుంది. రాకపోతే నష్టమేమీ లేదు. "అతను మిమ్మల్ని ఎగాదిగా చూసి, రాత్రిపూట బేరం లేదంటాడు" అని మూడో వ్యక్తిగా చెప్పడం కూడా రోల్‌ప్లేయే. ముఖ్యమైన మాట వచ్చినప్పుడు మాత్రం నేరుగా అతని నోటితో చెప్పి, మిగతాది కథలా చెప్పేస్తే సీన్ చకచకా నడుస్తుంది.

గొంతుకన్నా ఎక్కువ పనిచేసేది ఒక అలవాటు. మాట్లాడుతూ తాడు ముడి విప్పి మళ్లీ వేస్తుంటాడు. ప్రశ్నకు ప్రశ్నతోనే జవాబిస్తుంది. ఒక్కరికి ఒక్కటి చాలు. రెండు నెలల తర్వాత మళ్లీ కనిపించినప్పుడు ఆ తాడు ముడి చెప్పగానే అందరూ గుర్తుపడతారు.

ఇద్దరు ఎన్‌పీసీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వస్తే మీరొక్కరే రెండు పాత్రలూ వేస్తూ కూర్చోకండి. ప్లేయర్లు ప్రేక్షకులైపోతారు. "ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు, చివరికి వైద్యురాలి మాటే నెగ్గింది" అని తేల్చేయండి.

భయాన్ని దాచిపెట్టుకుని కూర్చోవడం మీ పని కాదు. దాన్ని కొంచెం కొంచెంగా బయటికి పొక్కనివ్వాలి. ఒక చూపులో, ఒక మాటలో, ఆ చోట ఉన్న ఒక వస్తువులో. ఒక్కచోటే పెడితే ప్లేయర్లు కచ్చితంగా దాన్ని దాటేసి వెళ్తారు కాబట్టి మూడు చోట్ల పెట్టుకోండి. టేబుల్ దగ్గర ఇది ఇలా నడవొచ్చు:

ప్లేయర్: "తాతా, ఈ రాత్రికి అవతలికి దాటించాలి. ఎంత కావాలో చెప్పు."

జీఎం: అతను మీ సంచీ వైపు చూశాడు. తర్వాత అవతలి ఒడ్డు వైపు చూశాడు. "పొద్దున రండి బాబూ. రాత్రిపూట పడవ కట్టేస్తాను."

ప్లేయర్: "రెట్టింపు ఇస్తాం."

జీఎం: "రెట్టింపు తీసుకుని ఏం చేసుకోను, పడవే లేకుండా పోయాక?"

రెండో ప్లేయర్: "పడవ లేకుండా పోవడమేంటి? ఎవరు తీసుకెళ్తారు?"

జీఎం: అతను గొంతు తగ్గించాడు. "నిన్న ఒకడిది లాక్కున్నారు. అటు చూడండి, ఆ దీపం కనిపిస్తోందా? అది గస్తీవాళ్లది."

రెండో ప్లేయర్: "అయితే ఒక పని చేద్దాం. మేం కత్తి చూపించి బలవంతంగా ఎక్కామని చెప్పు. నీ చేతులు కట్టేస్తాం, తెడ్డు మేమే వేస్తాం."

ఇంతవరకు డైస్ ఎవరూ ముట్టుకోలేదు. అయినా సీన్ ఎంత దూరం వచ్చిందో చూడండి. మొదట ససేమిరా అన్నవాడు ఇప్పుడు ఊగిసలాడుతున్నాడు. డైస్‌కి పని పడేది ఇక్కడే.

అడిగేది ఏమిటో తేల్చండి

ప్లేయర్ డైస్ చేతిలోకి తీసుకోగానే రెండు ప్రశ్నలు వేయండి: అతని నుంచి మీకు ఏం కావాలి? దాన్ని ఎలా రాబట్టాలనుకుంటున్నారు?

రెండో ప్రశ్నకు జవాబు లేకుండా "పర్సుయేషన్ వేస్తా" అంటే ఒప్పుకోకండి. పోట్లాటలో కూడా ఎవరిని కొడుతున్నారో, దేంతో కొడుతున్నారో చెప్పకుండా డైస్ వేయనివ్వరు కదా. అలాగని ఉపన్యాసం అడగకండి. మొహమాటస్తుడైన ప్లేయర్ "అతని అప్పు సంగతి ఎత్తి, సగం ఇప్పుడే ఇస్తానని చెబుతాను" అంటే అది పూర్తి జవాబే. బండరాయి ఎత్తే క్యారెక్టర్ ఆడేవాణ్ణి ఎవరూ లేచి బల్ల ఎత్తి చూపించమనరు. మాటకారి క్యారెక్టర్ ఆడేవాణ్ణి మాత్రం మాటలతో మెప్పించమనడం అన్యాయం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. నోరున్న ప్లేయర్ ఒకరుంటారు. క్యారెక్టర్‌కి కరిస్మా (ఎదుటివాళ్లను ఆకట్టుకునే శక్తికి ఉండే స్కోరు) అంతంత మాత్రమే, కానీ ఆడే మనిషి అనర్గళంగా మాట్లాడి పని కానిచ్చేస్తుంటారు. నేను పాటించే పద్ధతి ఇది: చెప్పిన విషయాన్ని బట్టి కష్టం ఎంతో నిర్ణయిస్తాను, ఎలా చెప్పారన్నది డైస్ మీదా క్యారెక్టర్ షీట్ మీదా ఉన్న అంకెలకు వదిలేస్తాను. పడవవాడి చేతులు కట్టేద్దామన్న ఆలోచన తడబడుతూ చెప్పినా మంచి ఆలోచనే.

డైస్ అవసరమా?

అడిగిన పనిని ఎన్‌పీసీ ఎలాగూ చేస్తాడనుకుంటే చేయించేయండి. ఎప్పటికీ చేయడనుకుంటే చేయడని చెప్పేయండి. మధ్యలో ఊగిసలాడుతున్నప్పుడే డైస్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ 2024 రూల్స్ దీన్ని నేరుగా రాసేశాయి. ఎన్‌పీసీ సుముఖంగా ఉన్నాడా, విముఖంగా ఉన్నాడా, తటపటాయిస్తున్నాడా అని జీఎం చూస్తాడు. తటపటాయిస్తేనే రోల్, అంటే డైస్ వేయడం. మామూలుగా డీసీ (నెగ్గాలంటే డైస్, బోనస్ కలిపి చేరాల్సిన అంకె) 15, లేదా ఆ ఎన్‌పీసీ ఇంటెలిజెన్స్ స్కోరు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. తప్పితే అదే మాటను అదే రకంగా మళ్లీ అడగడానికి 24 గంటలు ఆగాలి, జీఎం కావాలంటే ఆ గడువు మార్చొచ్చు. ఈ చివరి నిబంధన ఒక్కటే ఎన్నో టేబుళ్లను "నేనూ వేస్తా, నేనూ వేస్తా" గోల నుంచి కాపాడుతుంది. మీరు వేరే గేమ్ ఆడుతున్నా దీన్ని తెచ్చుకోవచ్చు.

రాజుగారి కిరీటం సంగతి ఇక్కడే తేలిపోతుంది. విముఖత తిరుగులేనిదైతే రోల్ లేదు. రోల్ ఇచ్చి, 20 పడ్డాక కాదనడం మాత్రం ప్లేయర్‌కి కడుపు మండించే పని.

డైస్ వేసే ముందు గెలిస్తే ఏం దక్కుతుందో, తప్పితే ఏం పోతుందో పైకి చెప్పడం అలవాటు చేసుకోండి. "సరిగ్గా పడితే ఇప్పుడే దాటిస్తాడు. తప్పితే దాటిస్తాడు గానీ, పడవ విలువ మొత్తం ముందే చేతిలో పెట్టాలంటాడు. వేస్తావా?" అలా చెప్పడం వల్ల సస్పెన్స్ పోతుందని కొందరంటారు. నాకు అలా అనిపించదు. పందెం ఎంతో తెలిసినప్పుడే డైస్ దొర్లుతుంటే గుండె కొట్టుకుంటుంది.

ఒక పాత పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే రెండు ఆరు ముఖాల డైస్‌తో ఎదుటివాళ్ల స్పందన తేల్చే రోల్ ఉంది. 1981 నాటి బేసిక్ సెట్‌లో దాని పట్టిక స్పష్టంగా ఉంటుంది: 2 పడితే వెంటనే దాడి, 12 పడితే గొప్ప స్నేహం, 6 నుంచి 8 వరకు ఎటూ తేలని స్థితి. రెండు డైస్ కాబట్టి 36లో 16 సార్లు ఆ మధ్య స్థితే వస్తుంది. అంటే ప్లేయర్లు నోరు తెరిచి మాట్లాడాల్సిన పరిస్థితే ఎక్కువ. ఈ రోల్ ముందుగా మూడ్‌ని తేలుస్తుంది, అభ్యర్థనను తేల్చదు. మీరు ఊహించని ఎన్‌పీసీ ఎదురైనప్పుడు ఇవాళ్టికీ ఇంత పనికొచ్చే ఉపాయం ఇంకోటి లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకం అదే గేమ్ 3.5 ఎడిషన్‌లోని డిప్లొమసీ (రాయబారం) పట్టిక. అందులో డీసీ 50 కొట్టగలిగితే శత్రువు కూడా ఒక నిమిషం మాటలతో సాయానికి సిద్ధపడే స్నేహితుడైపోతాడు. 50 అసాధ్యంలా కనిపిస్తుంది గానీ, బోనస్‌లు పోగేసే ప్లేయర్లకు అది అందనంత ఎత్తేమీ కాదు. ఏం కావాలి, ఏం భయం అన్న ప్రశ్నలే లేని పట్టిక ఎలా నడుస్తుందో చూడాలంటే అదే ఉదాహరణ.

కష్టం ఎంత పెట్టాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 గైడ్‌లోని చిన్న పట్టిక నాకు ఇప్పటికీ నచ్చుతుంది. అంకెల కోసం కాదు, అది అడిగే ప్రశ్న కోసం: ఈ పని చేస్తే ఎన్‌పీసీకి ఎంత ప్రమాదం? స్నేహంగా ఉన్నవాడు ప్రమాదం లేని పనైతే డైస్ లేకుండానే చేస్తాడు, చిన్న ప్రమాదానికి డీసీ 10, పెద్ద ప్రమాదానికి 20. ఏమీ పట్టనట్టు ఉన్నవాడు 10కి ప్రమాదం లేని పని చేస్తాడు, 20కి చిన్న ప్రమాదం ఒప్పుకుంటాడు. శత్రుత్వం ఉన్నవాడు 10కి అడ్డు రాకుండా ఊరుకుంటాడు, 20కి మాత్రమే పని చేస్తాడు, అదీ తనకు ఏ ప్రమాదమూ లేకపోతేనే.

మన పడవవాడికి వీళ్లు ఎవరో తెలియదు, ఏమీ పట్టనట్టే ఉంటాడు. పడవ పోవడమంటే అతనికి పెద్ద ప్రమాదం. పట్టిక ప్రకారం 20 కొట్టినా ఒప్పుకోడు. చేతులు కట్టే ఉపాయంతో పెద్ద ప్రమాదం చిన్నదైంది, అప్పుడు 20. డబ్బులో సగం ముందే చేతిలో పెడితే కావాల్సినది కూడా దక్కింది కాబట్టి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) ఇవ్వండి, లేదా 15కి దించండి. లెక్క ఇంతే: భయం తగ్గించిన ప్రతి ఉపాయానికీ కష్టం ఒక మెట్టు దిగాలి. భయాన్ని కెలికితే, "గస్తీవాళ్లకి మేమే చెబుతాం చూసుకో" అనడంలా, ఒక మెట్టు ఎక్కాలి.

వేరే గేమ్‌లు దీన్ని వేరే దారుల్లో చేస్తాయి. కాల్ ఆఫ్ క్తుల్హు ఏడో ఎడిషన్‌లో ఎదుటివాడి స్కిల్‌ని బట్టి కష్టం మారుతుంది. 50 లేదా ఆపైన ఉంటే హార్డ్ (కష్టం), 90 లేదా ఆపైన ఉంటే ఎక్స్‌ట్రీమ్ (అతి కష్టం). అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు ఆరు ముఖాల డైస్ వేసి 10 లేదా ఆపైన వస్తే ఉత్త మాట ఇచ్చినా చాలు. 7 నుంచి 9 మధ్య పడితే ఎన్‌పీసీ అప్పటికప్పుడు చేతికందే హామీ ఏదో ఒకటి కావాలంటాడు. ఈ మధ్య ఫలితం మీ గేమ్‌లో లేకపోయినా అరువు తెచ్చుకోండి. డీసీకి ఒకటి రెండు తక్కువ పడినప్పుడల్లా "సరే గానీ, ముందు..." అని మొదలుపెట్టండి.

తప్పితే ఏం జరగాలి

"కుదరదు" అన్నది జీఎం ఇవ్వగల జవాబుల్లో అన్నిటికన్నా బలహీనమైనది. కథ అక్కడే ఆగిపోతుంది. డైస్ తప్పినప్పుడు ఎన్‌పీసీ అవసరం, భయం వైపు చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. పడవవాడు దాటిస్తాడు, కానీ వీళ్లని దింపగానే తన పడవ కాపాడుకోవడానికి గస్తీ దగ్గరికెళ్లి చెప్పేస్తాడు. లేదా ఇద్దరినే ఎక్కించుకుంటాడు. లేదా "నా అప్పు ఎవరికివ్వాలో ఆ మనిషిని ఒప్పించి రండి, అప్పుడు చూద్దాం" అంటాడు. మూడింట్లోనూ ప్లేయర్లకు తర్వాత చేయాల్సింది ఏదో ఒకటి ఉంది.

కథ ముందుకెళ్లడానికి తప్పనిసరిగా కావాల్సిన సమాచారాన్ని ఒక్క డైస్ వెనకాల దాచకండి. 2007 నుంచి వస్తున్న గమ్‌షూ పద్ధతి గేమ్‌లలో సరైన నైపుణ్యం ఉన్న క్యారెక్టర్ సరైన చోట అడిగితే ఆధారం రోల్ లేకుండానే దొరుకుతుంది. ఎందుకంటే పరిశోధన కథలో ఆసక్తి ఆధారం దొరకడంలో కన్నా దాన్ని అర్థం చేసుకోవడంలోనే ఎక్కువ. నిన్న రాత్రి ఎవరు దాటారో తెలియకపోతే కథే ఆగిపోతుందంటే, పడవవాడు చెప్పేయాలి. మీరు అడిగారన్న సంగతి అతను ఇంకెవరికీ చెప్పకుండా ఉంటాడా? దానికి వేయించండి డైస్.

బెదిరింపు, అబద్ధం, మనసు చదవడం

బెదిరింపు త్వరగా పనిచేస్తుంది, ఖరీదు తర్వాత తెలుస్తుంది. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఇది రూల్‌గానే ఉంది: బెదిరింపుకి లొంగినవాడు చెప్పిన పని చేస్తాడు, ఆ ప్రభావం ఒక రోజుకు మించదు, ఆ తర్వాత మీమీద కోపం పెంచుకుంటాడు, ఎవరికైనా వెళ్లి చెప్పుకోవచ్చు కూడా. మీ గేమ్‌లో అలాంటి రూల్ లేకపోయినా ఇలాగే నడిపించండి. లేకపోతే ప్లేయర్లు ప్రతి తలుపునీ బెదిరించే తెరుస్తారు. బెదిరించడానికి ఎప్పుడూ బలమే చూడకండి, మెల్లగా గుసగుసలాడే మంత్రగత్తె కండలవాడి కన్నా ఎక్కువ భయపెట్టొచ్చు. ఏ స్కోరు వాడాలో ఎలా బెదిరించారన్నదే చెప్పాలి.

అబద్ధంలో ఒక చిక్కు ఉంది. నమ్మడం వేరు, ఒప్పుకోవడం వేరు. "మేం రాజదూతలం" అన్న మాట పడవవాడు పూర్తిగా నమ్మొచ్చు. నమ్మినా పడవ తీయకపోవచ్చు, రాజదూతలైనా గస్తీకి దొరికితే పోయేది తన పడవే కదా. డిసెప్షన్ (అబద్ధం నమ్మించే స్కిల్) రోల్ గెలిస్తే నమ్మకం వస్తుంది, అంతవరకే. ఆ నమ్మకం అతని భయాన్నో అవసరాన్నో తాకితేనే పని అవుతుంది. పడవవాడు ఇంకో రోజు ఇంకెవరితోనో "మొన్న రాజదూతలు వచ్చారు" అంటాడు. రాసుకోండి, పనికొస్తుంది.

ఇన్‌సైట్‌ని (ఎదుటివాడి మనసు చదివే స్కిల్‌ని) అబద్ధాలు పట్టే యంత్రంలా వాడనివ్వకండి. "అబద్ధం చెబుతున్నాడు" అని తీర్పు చెప్పే బదులు కనిపించింది చెప్పండి: "అన్నిటికీ టకటకా జవాబు చెప్పాడు. నిన్నటి సంగతి అడిగినప్పుడు మాత్రం తాడు ముడి సగంలో ఆపేశాడు." అర్థం చెప్పుకోవడం ప్లేయర్ల పని. ఈ రోల్ తెర వెనకాల మీరే వేయడం మేలు. ప్లేయర్ తన డైస్ మీద 2 చూసుకున్నాక "నిజమే చెబుతున్నట్టుంది" అని మీరంటే ఎవరూ నమ్మరు.

ఎన్‌పీసీ ప్లేయర్లను ఒప్పించాలనుకుంటే? అతను వాదించొచ్చు, ఆశ చూపొచ్చు, అబద్ధమాడొచ్చు. నిర్ణయం మాత్రం ప్లేయర్‌దే. "డైస్ పడింది కాబట్టి నీ క్యారెక్టర్ ఇతన్ని నమ్మాడు" అంటే ప్లేయర్ చేతిలో ఉన్న ఒకే ఒక్క పాత్రను కూడా లాక్కున్నట్టే. మంత్రాలూ మాయలూ ఉన్న చోట రూల్ ఏం చెబితే అది.

ఒక్కరే మాట్లాడుతుంటే

కరిస్మా ఎక్కువున్న క్యారెక్టర్ ముందుకు రావడం, మిగతా నలుగురూ ఫోన్లు చూసుకోవడం చాలా గ్రూపుల్లో కనిపించేదే. ఎన్‌పీసీ చేతే దీన్ని సరిచేయించండి. "నువ్వేం మాట్లాడవేం బాబూ, ఆ గొడ్డలి చూస్తే సైన్యంలో పనిచేసినవాడిలా ఉన్నావు" అని మౌనంగా ఉన్నవాణ్ణి పలకరించనివ్వండి. మాజీ సైనికుడు సైనికుడి మాట వింటాడు, పూజారి మొక్కు తీర్చుకున్నవాడి మాట వింటాడు. అలాంటప్పుడు స్కోరు తక్కువున్నా ఆ క్యారెక్టర్‌కి అడ్వాంటేజ్ దక్కాలి. మాటకారి బతిమాలుతుండగా వెనకాల ఇంకొకరు కత్తి నూరుతుంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. ఎదుటివాడికి అందరూ కనిపిస్తున్నారు.

పెద్ద చర్చలు

సంధి ఒప్పందం, రాజసభలో వాదన, పెద్ద బేరం ఒక్క రోల్‌తో తేల్చేస్తే వెలితిగా ఉంటుంది. బర్నింగ్ వీల్‌లో దీనికోసం ఏకంగా మాటల ద్వంద్వయుద్ధమే ఉంది. గెలిచినవాళ్లు కూడా వాదనలో తమకు తగిలిన దెబ్బను బట్టి ఎంతో కొంత వదులుకోవాల్సి వస్తుంది. డ్రా స్టీల్ గేమ్‌లో ఎన్‌పీసీకి ఆసక్తి, ఓపిక అని రెండు కొలతలు ఉంటాయి, రెండూ 0 నుంచి 5 వరకు.

ఆ రెండో ఆలోచనను ఏ గేమ్‌లోనైనా పెట్టుకోవచ్చు. కాగితం మీద ఆసక్తి 2, ఓపిక 3 అని రాసుకోండి. ఎన్‌పీసీ అవసరాన్నో భయాన్నో తాకే కొత్త వాదన వచ్చినప్పుడల్లా రోల్ వేయించండి. నెగ్గితే ఆసక్తి ఒకటి పెరుగుతుంది. నెగ్గినా తప్పినా ఓపిక ఒకటి తగ్గుతుంది. పాత వాదననే తిప్పి తిప్పి చెబితే రోల్ లేకుండానే ఓపిక పోతుంది. అవమానిస్తే రెండూ పోతాయి. ఓపిక అయిపోగానే అతను తన ఆఖరి మాట చెబుతాడు. ఆసక్తి 5కి చేరితే అడిగింది పూర్తిగా, 3 లేదా 4 అయితే షరతులతో, అంతకన్నా తక్కువైతే లేచి వెళ్లిపోతాడు. ఓపిక ఎంత మిగిలిందో ప్లేయర్లకు చెప్పేయండి, లేదా అతను కుర్చీలో కదిలే తీరులో చూపించండి.

ప్రేమ వ్యవహారాలు, చిత్రహింసలు లాంటివి మాటల సీన్లలోకి సులువుగా దూరతాయి. ఏవి అసలు వద్దు, ఏవి తెర వేసి దాటేద్దాం అని క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదలుపెట్టే ముందే అందరూ మాట్లాడుకోండి. మధ్యలో ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే కారణం చెప్పకుండానే ముట్టుకుని సీన్ ఆపగలిగే ఎక్స్ కార్డ్ ఒకటి బల్ల మీద పెట్టుకోవడం తేలిక.

మీరు ప్లేయరైతే

అడిగే ముందు కాసేపు వినండి. "ఎందుకు కుదరదు?" అన్నది ఏ స్కిల్ కన్నా ఎక్కువ పనిచేసే ప్రశ్న, పైగా దానికి డైస్ అక్కర్లేదు. మీ దగ్గర ఇవ్వడానికి ఏముందో చూసుకోండి: డబ్బు, కబురు, రక్షణ, ఒక సాయం. పెద్దది అడిగి కాదనిపించుకున్నా అందులో సగమైనా అడగండి. జీఎం ఎన్‌పీసీ గురించి పనిగట్టుకుని ఒక వివరం చెప్పాడంటే అది ఊరికే చెప్పి ఉండడు.

సెషన్ అయిపోయాక

మాట్లాడిన ప్రతి ఎన్‌పీసీకీ ఒక్క వరుస రాయండి: వీళ్ల గురించి ఇప్పుడు ఏమనుకుంటున్నాడు, ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారు. "పడవవాడు: వీళ్లు నిజంగా చేతులు కట్టారు, గస్తీ నమ్మింది, కృతజ్ఞత ఉంది. మిగతా సగం డబ్బు ఇంకా బాకీ." తర్వాతి రెండు మూడు సెషన్లలో ఆ బాకీ వాళ్ల దారికి అడ్డం రావాలి, పడవవాడే రావొచ్చు, అప్పిచ్చినవాడు రావొచ్చు. కోపం గాని, కృతజ్ఞత గాని, బాకీ గాని ఏమీ లేక ఎవరి వరుసైనా ఖాళీగా మిగిలితే ఆ పేరు కొట్టేయండి, వాళ్ల గురించి ఇంకేమీ తయారు చేసుకోనక్కర్లేదు.